పాలగవిలో తడవని రాయి

"భయపడవలసిందేమీ లేదు వదినగారూ. అర కోసు దూరం, చదునైన దారి, దారి పొడుగునా చెట్లనీడ" అని భల్లటుడు రాణితో నాలుగోసారి అన్నప్పుడు తిప్పమ్మకు మొదటిసారి భయం వేసింది.

అంతవరకు ఆమె మనసులో దుఃఖం తప్ప మరొకదానికి చోటు లేదు. సుధాపురి రాజ్యానికి ఏకైక వారసుడు, పద్దెనిమిదేళ్ళ మేఘాంకుడు, వేటకని వెళ్ళి ఇరవై రోజులైనా తిరిగి రాలేదు. నిన్న పొద్దు గూకే వేళ శాంతానందుడనే యోగి ఒకడు కోటకు వచ్చి, అడవిలోని పాలగవి అనే గుహలో ఏదో శాపం తగిలి యువరాజు నిలువునా రాయైపోయాడనీ, తాను కళ్ళారా చూశాననీ చెప్పాడు. కోట గొల్లుమంది. కోటకు ఆవల సున్నం బట్టీలో తిప్పమ్మ కూడా నేలమీద పడి ఏడ్చింది. మేఘాంకుడు పుట్టినప్పుడు రాణిగారికి పాలు పడకపోతే, రెండేళ్ళ తిప్పమ్మను ఒక పక్కనా, పురిటికందును మరొక పక్కనా ఒడిలో పెట్టుకుని పాలిచ్చింది తిప్పమ్మ తల్లి. కిరీటం ఎవరి నెత్తిన ఉన్నా తిప్పమ్మకు పట్టదు. ఆమెకు పోయినవాడు తమ్ముడు.

సుధాపురిలో రాజకుటుంబీకులను సాగనంపే పద్ధతి ఒకటుంది. పోయినవారి తల మీదుగా తల్లిగాని భార్యగాని ఏడు బిందెల నీళ్ళు పోయాలి. అంతకు ముందు సున్నం బట్టీవాళ్ళ మనిషి ఒకరు వచ్చి చుట్టూ తడిసున్నంతో గీత గీయాలి. ఆ గీత ఆరేదాకా గీసినవాళ్ళు తప్ప ఇంకెవరూ దాన్ని దాటకూడదు. ఆరిందని చెప్పవలసినది కూడా వాళ్ళే. తడిగీత దాటినవాడి వంశం నిలవదని ఆ రాజ్యంలో పసిపిల్లలకు కూడా తెలుసు. తండ్రి జ్వరంతో మంచం పట్టి ఉండటంతో సున్నపు ముంత, కుంచె, సున్నం కలిపే టేకుతెడ్డు పట్టుకుని తిప్పమ్మే వచ్చింది.

అడవి అంచున గుర్రాలు దిగి ఏడుగురూ నడక సాగించారు. ముందు యోగి, అతని వెనక భల్లటుడు. ఈ భల్లటుడు చనిపోయిన మహారాజుకు తమ్ముడు. రాజరక్తం కళ్ళచూడనని అన్నగారి మంచం పక్కన కత్తి మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టినవాడు. ఆ ఒట్టు విన్నందుకే సైన్యం ఇవాళ్టికీ అతని మాట వింటోంది. మధ్యాహ్నానికి తంతు ముగిస్తే సాయంత్రం పట్టాభిషేకం అతనికే. భల్లటుడి వెనక రాణి చంపకవల్లీదేవి నడుస్తోంది. ముగ్గురు భటులు కావడికి రెండేసి చొప్పున ఆరు బిందెలు మోస్తుంటే, ఏడో బిందెను ఆమె ఎవరికీ ఇవ్వక తన చంకనే పెట్టుకుంది. అందరికన్నా వెనక తిప్పమ్మ.

ఆ పూట అడవి శోభ చెప్పనలవి కాదు. ఆకాశాన్నంటే మద్దిచెట్లు కొమ్మకు కొమ్మ అల్లుకుని పందిరి వేశాయి. విరగబూసిన మోదుగులు కొండవాలు పొడుగునా ఎర్రని తెరలు దింపాయి. అడవిమల్లెల పరిమళం మోసుకుంటూ పిల్లగాలి వీస్తోంది. పొదల్లో నెమళ్ళు క్రేంకరిస్తున్నాయి, బండల సందున సెలయేరు గలగలమంటోంది. పెళ్ళికి తరలే బిడ్డ కోసం సింగారించినట్టు వనమంతా కళకళలాడుతుంటే, ఏడుపుకు తరలుతున్న ఆ ఏడుగురికీ అది చూడ మనసొప్పలేదు.

తిప్పమ్మ చూసింది మాత్రం దారిని. పాలగవి దారి ఎవరూ తొక్కని ముళ్ళదారి అని చిన్నప్పటినుంచి విన్నది. ఈ దారి మీద కాలికి గుచ్చుకునే పుల్ల ఒక్కటి లేదు. రాళ్ళు పక్కకు దొర్లించి ఉన్నాయి. అడ్డం వచ్చే కొమ్మలు నరికి ఉన్నాయి. సెలయేటి మీద రెండు దుంగలు వేసి ఉన్నాయి. రాణిగారు వస్తారని ఎవరో రాత్రికి రాత్రి బాగుచేయించి ఉంటారులే అనుకుని ఆమె ఒక నరికిన కొమ్మను చేత్తో పట్టుకుంది. కోసిన చోట జిగురు లేదు. ఎండి, నల్లబడి, బీటలు వారి ఉంది. ఎంత లేదన్నా నాలుగు రోజుల కిందటి నరుకు.

కబురు తెలిసింది నిన్న. దారి నరికింది నాలుగు రోజుల కింద. ఈ లెక్క తిప్పమ్మకు ఎంత తిప్పినా కుదరలేదు.

ఇంకో వంద అడుగులు వేశాక దారి పక్క ఆకుల మీద సన్నని తెల్లటి దుమ్ము కనిపించింది. తెల్లవారుజామున మంచు పడిన చోటల్లా ఆకు చుక్కలు చుక్కలుగా మాడిపోయింది. వాళ్ళ బట్టీ చుట్టూ ఉన్న పొదలు ఏడాది పొడుగునా ఇలాగే ఉంటాయి. కాని యువరాజు కనిపించని నాటినుంచి తిప్పమ్మ తండ్రి బట్టీకి నిప్పు పెట్టలేదు. మరి ఎవరి సున్నం ఈ దారిన పోయింది? వంగి చూస్తే మెత్తటి మట్టిలో గాడిదల డెక్కలు ఉన్నాయి.

ఆమె నాలుగంగలు వేసి యోగి పక్కకు చేరింది. "సామీ, ఈ దారిలో గాడిదలు తిరుగుతాయా?"

యోగి వెనక్కి తిరిగి నవ్వాడు. అతని నవ్వు వెన్నపూస. "అడవి కదా తల్లీ. ఏవేవో జంతువులు తిరుగుతూ ఉంటాయి."

"జింకలంటే సరే సామీ. అడవిలో గాడిదలు యాడుంటాయి?"

"నీకు తమ్ముడు పోయిన దుఃఖం. కంటికి ఏవేవో కనిపిస్తాయి" అని యోగి చేతులు రెండూ కాషాయ వస్త్రంలో దాచుకున్నాడు. దాచుకునేలోపల తిప్పమ్మ చూడనే చూసింది. మోచేతుల దాకా నువ్వులనూనె నిగనిగలాడుతోంది. సున్నం ముట్టబోయే ముందు చెయ్యి పొక్కకుండా తన తండ్రి, తాను పూసుకునే నూనె అది. సర్వసంగపరిత్యాగికి చేతులకు నూనె ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

డెక్కల గుర్తులు ఒకచోట దారి వదిలి పొదల్లోకి తిరిగాయి. కాలికి ముల్లు గుచ్చుకున్న వంక పెట్టి ఆమె వెనకబడి, చప్పుడు చేయకుండా పొదల్లోకి జారింది. పట్టుమని పదడుగులు పోలేదు, ఒక గుంటలో ఖాళీ గోనెసంచులు కుప్పగా పడి ఉన్నాయి. పదిహేనుకు తక్కువ లేవు. ఒకటి ఎత్తి దులిపితే ముక్కుపుటాలు మండేటంత సున్నపు పొడి లేచింది. తాజాది. ఇవాళ తెల్లవారుజామునే దింపినది.

అంతలో చెవి పక్కనుంచి రివ్వుమని బాణం దూసుకొచ్చి ఎదుటి చెట్టులో జానెడు లోతున దిగింది.

తిప్పమ్మ కొయ్యబారి నిలబడింది. పొదలు తొలగించుకుని భల్లటుడు విల్లు దించుతూ వచ్చాడు. అతని మొహంలో కంగారు ఇసుమంతైనా లేదు. "అడవిపంది అనుకున్నాను తిప్పమ్మా. తృటిలో తప్పింది. ఇంత సుఖమైన దారి ఉండగా పొదల్లో నీకేం పని?"

"ముల్లు తీసుకుంటాండా దొరా."

"తీసుకున్నావు కదా. ఇక నా ముందు నడు. నీ చేత్తో గీత పడందే మా తంతు జరగదు. నీ ప్రాణం మాకు ఎంతో విలువైనది" అన్నాడు భల్లటుడు. గీత పడేదాకా అని అతను అనలేదు, తిప్పమ్మ విన్నది.

దారిలోకి వచ్చేసరికి రాణి అక్కడే ఆగి ఉంది. బాణం చప్పుడు ఆమె వినకుండా ఉండటానికి వీల్లేదు. అయినా ఏమి జరిగిందని అడగలేదు. ఆమె కళ్ళలో చుక్క నీరు లేదు. "త్వరగా నడవండి. పొద్దెక్కుతోంది" అని మాత్రం అంది.

తిప్పమ్మకు ఒళ్ళు మండిపోయింది. కన్నకొడుకు రాయైపోతే నిన్నటినుంచి ఈ తల్లి ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. పాలిచ్చిన తన తల్లి బతికి ఉంటే ఈ పాటికి గుండె పగిలి చచ్చేది. పైగా ఈ తొందర ఏమిటి? మరిదికి పట్టం కట్టడానికా? ఇద్దరూ కలిసే ఉన్నారా? ఒక్కసారి పుట్టిన అనుమానం అడుగడుక్కీ ముదిరింది. ఇంక ఆమె ఏడవలేదు, అందరి చేతులూ చూస్తూ నడిచింది.

అర కోసు ఇట్టే గడిచింది. కొండ పాదంలో, అత్తిచెట్ల గుబురు వెనక పాలగవి నోరు తెరుచుకుని ఉంది.

భటులు దివిటీలు వెలిగించారు. లోపలికి పది నిలువుల దూరం పోయేసరికి గుహ విశాలమైన చావడిగా విచ్చుకుంది. ఆహా, ఏమి వింత! ఏ శిల్పి ఉలీ తాకకుండానే సున్నపురాయి వేయి రూపాలు దాల్చింది. కప్పునుంచి రాతిజడలు వేలాడుతున్నాయి, నేలనుంచి రాతిమొగ్గలు పైకి లేచి వాటిని అందుకోబోతున్నాయి. అందుకున్న చోట స్తంభాలై నిలిచాయి. ఒక గోడ నిండా కుచ్చెళ్ళు పోసిన తెల్లపట్టు, ఒక గోడ నిండా చిక్కని మీగడ. దివిటీ వెలుగు సోకగానే కోటి తళుకులు మేలుకున్నాయి. ప్రతి జడ కొసనా ఒక నీటిబొట్టు, ప్రతి మొగ్గ శిరసున ఒక టప్పుమన్న చప్పుడు. గోడలు చెమర్చాయి, నేల చెమర్చింది, దివిటీలు పట్టుకున్న వాళ్ళ కనుబొమలు కూడా చెమర్చాయి.

చావడి నడుమ, నడుము ఎత్తు రాతిగద్దెలో దిగబడి మేఘాంకుడు నిలబడి ఉన్నాడు. నడుముకు పైన తెల్లని రాయి. మూసిన కళ్ళు, చిన్నప్పుడు బట్టీ మెట్ల మీద పడి పగలగొట్టుకున్న గడ్డం మీది మచ్చ, అన్నీ అవే. ఇంతసేపటి అనుమానం ఒక్క క్షణం వదిలిపోయి, తమ్ముడు నిజంగానే పోయాడనుకుంది తిప్పమ్మ.

యోగి చేతులెత్తి గంభీరంగా పలికాడు. "మహారాణీ, నీళ్ళు పడగానే ఈ శిల బుసలు కొట్టి పొగలు కక్కుతుంది. జడవకండి. అది యువరాజు ఆత్మ స్వర్గానికి పోయే దారి. ఏడు బిందెలూ ఆపకుండా పోయాలి. మధ్యలో ఆపితే ఆత్మ నడిదారిలో చిక్కుకుంటుంది."

రాతి మీద నీళ్ళు పోస్తే పొగ లేవడం తిప్పమ్మ జన్మలో ఒక్కచోటే చూసింది. వాళ్ళ బట్టీలో.

ఆమె ఆ శిలను మళ్ళీ చూసింది. గుహలో ప్రతి రాయీ చెమర్చి నిగనిగలాడుతుంటే ఆ ఒక్క రాయే పొడిగా, పిండి రాసినట్టుగా ఉంది. తల పైకెత్తింది. దాని మీద బొట్టు పడకుండా కప్పుకు తాటాకు తడక కట్టి ఉంది.

"అదేంది సామీ పైన?"

"గబ్బిలాల రెట్ట యువరాజు మీద పడకూడదని నేనే కట్టాను తల్లీ."

"ఎంత దయ సామీ నీది" అని తిప్పమ్మ సున్నపు ముంత దించి గీత మొదలుపెట్టింది. తండ్రి రెండు వేళ్ళ వెడల్పున గీసే గీతను ఆమె జానెడు వెడల్పున, గరిటెజారుగా, కుంచె మునిగినంతగా పోసి గీసింది. శిలకు నాలుగు బారల ఎడంగా గుండ్రంగా తిరిగి, వెనకవైపు గోడలో మనిషి పట్టేటంత నెర్రె ఒకటి ఉండటం చూసి, దాన్ని కూడా గీత లోపలికే కలుపుకుంది. ఆ నెర్రెలోంచి చల్లటి గాలి కొడుతోంది.

"అంత మందం ఎందుకు?" భల్లటుడు కసిరాడు. "ఈ చెమ్మలో అది రేపటికైనా ఆరుతుందా?"

"రాజుబిడ్డ కదా దొరా. సన్నగీత గీసినానంటే మా నాయన నన్ను ఇంట్లోకి రానియ్యడు."

భటులు ముగ్గురూ ఔనౌనని తలలూపారు. భల్లటుడు వాళ్ళ వైపు చూసి పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాడు.

గీత లోపల ఇప్పుడు తిప్పమ్మ ఒక్కతే. "నా తమ్ముడా, నన్ను వదిలిపెట్టి పోతివా" అని గుహ దద్దరిల్లేలా శోకం పెట్టి, వెళ్ళి శిలను కావిలించుకుంది. కావిలించుకున్న చేతులు పని మొదలుపెట్టాయి. గద్దెను తాకితే వెచ్చగా ఉంది. పొయ్యి ఆర్పిన అరుగు మాదిరి వెచ్చదనం. రాయి కాదది, మట్టి మెత్తి సుద్ద పూసిన గూడు. అతుకు దగ్గర గోటితో గీరితే చిన్న పెళ్ళ ఊడి, లోపలినుంచి చింతకాయంత గడ్డ చేతిలో పడింది. ఏడుస్తూనే దాని మీద ఉమ్మింది. గడ్డ చురుక్కుమని, చిటపటమని అరచేతిలోనే రెండుగా పగిలింది. బట్టీలో కాల్చి నీళ్ళు చూపించని సున్నం. ఆ గద్దె నిండా అదే. గుహలోని చెమ్మ కొద్దికొద్దిగా పీల్చే ఇంత వెచ్చబడింది. ఏడు బిందెల నీళ్ళు ఒక్కసారిగా పడితే కుతకుత ఉడికి, అందులో ఏమున్నా ఎముక కూడా మిగలదు.

ఆమె శిల ఛాతీకి చెవి ఆనించింది. సుద్ద పూసిన గుడ్డల అడుగున, ఎక్కడో దూరాన్నుంచి వినిపించినట్టుగా, గుండె కొట్టుకుంటోంది.

అప్పుడు తిప్పమ్మకు నిజమైన ఏడుపు వచ్చింది. సంతోషంతో వచ్చింది, ఆ వెంటనే భయంతో వచ్చింది. ఏదో మందుపెట్టి కొయ్యబార్చి, బతికున్నవాడిని సున్నంలో నిలబెట్టారు. భల్లటుడు ఒట్టు తప్పడు, రక్తం చిందదు. చంపేది కన్నతల్లి, తన చేతులతో, స్వర్గానికి పంపుతున్నాననుకుంటూ. లేక తెలిసేనా?

మిగిలిన ప్రశ్న అదొక్కటే. భటులు భల్లటుడి మనుషులు. అవతల ఆరుగురు, ఇవతల తాను. రాణి తన పక్షమైతే ఏదో ఒక దారి ఉంటుంది, కాకపోతే ఇద్దరు పాలబిడ్డలూ ఇక్కడే పోతారు. తిప్పమ్మ రాణి మొహం వంక చూసింది. ఆ మొహం మూసిన తలుపు. అందులో ఏమీ దొరకలేదు.

ఆలోచించడానికి సమయం లేదు. కన్నీళ్ళు తుడుచుకుంటున్నట్టు గీత దగ్గరకు వచ్చి, రాణి కాళ్ళ దగ్గరున్న బిందెలో పగిలిన గడ్డలు రెండూ జారవిడిచింది.

బిందెలో నీళ్ళు బుడబుడమన్నాయి. సన్నని ఆవిరి లేచింది. చంపకవల్లీదేవి కళ్ళు దించి బిందెలోకి చూసింది. తరువాత గద్దెను, తడకను, యోగి నూనెచేతులను వరసగా చూసింది. మొహంలో ఒక్క నరం కదలలేదు.

"గీత ఆరిందా తిప్పమ్మా?"

"ఆరలేదు రాణెమ్మా."

"వదినా, చాలు ఈ నాటకం" అని భల్లటుడు ముందుకు వచ్చాడు. "ముహూర్తం దాటిపోతోంది. ఆరిందనే అనుకుని పొయ్యండి."

"అలాగే మరిదీ" అంటూ రాణి బిందె ఎత్తి భుజానికి ఆనించుకుంది. ముగిసింది, ఈవిడకు తెలిసే వచ్చింది అనుకుని తిప్పమ్మ తెడ్డు బిగించి పట్టుకుంది.

రాణి గిర్రున తిరిగి ఆ బిందెడు సున్నపు నీళ్ళూ యోగి మొహాన కొట్టింది.

యోగి కెవ్వుమని కేకపెట్టి రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. ఆ ఊపుకు జటలు ఊడి కింద పడ్డాయి. బోడితల, ఎడమ చెవి ఉండవలసిన చోట గాటు. మూడు రాజ్యాల్లో ఆ చెవి లేని తల తెలియనివాడు లేడు. "ఉల్కాముఖుడు! మాంత్రికుడు!" అని ఒక భటుడు దివిటీ జారవిడిచాడు.

"నిన్న తెలిసిందన్నావు మరిదీ" రాణి గొంతు నిబ్బరంగా ఉంది. "నాలుగు రోజుల కిందట దారి నరికించావు. ఆ కొమ్మలు నేనూ చూశాను. నా బిడ్డను నా కళ్ళతో చూసేదాకా ఏడవకూడదని ఇరవై రోజులుగా ఉగ్గబట్టుకుని ఉన్నాను. తిప్పమ్మా, వాడు బతికి ఉన్నాడా?"

"గుండె కొట్టుకుంటాంది రాణెమ్మా."

ఆ మాటతో ఆ తల్లి కళ్ళనుంచి నీళ్ళు ఒక్కసారిగా జలజలా కారాయి. ఇంతసేపూ ఆమెను అనుమానించినందుకు తిప్పమ్మకు సిగ్గుతో తల తెగినట్టయింది. సిగ్గుపడటానికి కూడా అది సమయం కాదు.

"పట్టుకోండి ఆ బట్టీపిల్లను" అని భల్లటుడు అరిచాడు. భటులు గీత దాకా ఉరికి, తడిసున్నం అంచున కాళ్ళకు గొలుసులు పడినట్టు ఆగిపోయారు. ముగ్గురికీ ఇళ్ళలో పిల్లలున్నారు. భల్లటుడు వాళ్ళను ఈసడించుకుంటూ కత్తి దూసి, తడిగీత మీద అడుగు వేసి దాటాడు. అది చూసి భటులు మొహాలు తిప్పుకున్నారు.

"రక్తం చిందించనని ఒట్టు పెట్టాను" అన్నాడతను. "నీళ్ళు చిందించనని పెట్టలేదు." గీత అంచున దించి ఉన్న కావడి బిందెలను వరసగా కాలితో తన్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నేల వాలు గద్దె వైపుకే ఉంది. నీళ్ళు నాలుకలు చాచుకుంటూ పరుగెత్తాయి.

తిప్పమ్మ నీళ్ళకన్నా ముందు పరుగెత్తింది. టేకుతెడ్డు తిరగేసి గద్దె వెనకవైపున బలం కొద్దీ మోదింది. ఒక దెబ్బకు సుద్ద రాలింది, రెండో దెబ్బకు మట్టిగూడు బీటలిచ్చింది, మూడో దెబ్బకు వెనకభాగం పెళ్ళుమని విడిపోయింది. చంకల కింద చేతులు వేసి లాగింది. తోలు చుట్టిన కాళ్ళు సున్నపు గడ్డల్లో ఇరుక్కుని రాలేదు. కాలు గద్దెకు తన్ని పట్టి మళ్ళీ లాగింది. మేఘాంకుడు కొయ్యదుంగ మాదిరి ఆమె మీద పడ్డాడు, ఇద్దరూ వెనక్కి దొర్లారు. అదే క్షణాన నీళ్ళు గద్దె అడుగుకు చేరాయి.

గుహ అంతా బుస్సుమంది. గద్దె పగిలింది. తెల్లటి ఆవిరి కప్పుకు కొట్టుకుంది. గడ్డలు పేలాల మాదిరి ఉబ్బి, చిట్లి, కుతకుత ఉడుకుతూ నేలంతా పరుచుకున్నాయి. తిప్పమ్మ యువరాజును వీపున వేసుకుని గోడలోని నెర్రె దగ్గరకు పాకింది. ఆమె చేతుల మీద నాలుగుచోట్ల సున్నం పడి మాంసం కాలుతోంది. తిరిగి చూస్తే, కుడివైపున గోడ వార ఇంకా నీళ్ళు తగలని గడ్డలు పొడిగా ఉన్నాయి. ఆ పొడిదారి వెంట కత్తి పట్టుకుని భల్లటుడు వస్తున్నాడు.

అతనికన్నా ముందు రాణి వచ్చింది. మిగిలిన రెండు బిందెలూ చెరో చేతా పట్టుకుని ఆ పొడిదారి కొసన నిలబడింది. బంగారు అంచు చీర అంచులు అప్పుడే సున్నంలో మాడుతున్నాయి.

"ఇటు రండి రాణెమ్మా. సందు ఉండాది, ముగ్గురమూ పడతాము."

"నేను వస్తే ఈ బిందెలు ఎవరు పోస్తారు?" అంది చంపకవల్లీదేవి. కొడుకు మొహం వంక ఒక్కసారి, రెప్ప వేయకుండా చూసింది. "సున్నం కళ్ళలో పడనివ్వకు. నూనెతో తుడువు, నీళ్ళు తగలనివ్వకు. పో."

తరువాత వెనక్కి తిరిగి, తనకూ కొడుక్కూ నడుమ ఉన్న పొడిసున్నం మీద మొదటి బిందె కుమ్మరించింది. ఆవిరి గోడలా లేచింది. ఆ గోడకు అవతల భల్లటుడి బొబ్బ వినిపించింది. రెండో బిందె నీళ్ళు పడిన చప్పుడు వినిపించింది. ఖాళీ బిందె రాతి మీద పడి దొర్లిన చప్పుడు వినిపించింది. ఆ పైన రాణి గొంతు మాత్రం వినిపించలేదు.

నెర్రె మోకాళ్ళ మీద పాకేటంత ఎత్తే ఉంది. లోపల చీకటి. ఎదురుగా చల్లగాలి, వెనక సున్నపు ఘాటు. తిప్పమ్మ పైటకొంగుతో మేఘాంకుడి మొహం మీది సుద్ద తుడిచి, వీపున జారకుండా అతని చేతులు తన మెడ చుట్టూ కట్టుకుని పాకసాగింది. ఎంత దూరమో, ఎటు తేలుతుందో తెలియదు. కొంత దూరం పోయాక మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది. కొయ్యబారిన వేళ్ళు ఒకటొకటే కదిలాయి.

"అక్కా" అన్నాడు మేఘాంకుడు, రాయిలోంచి వచ్చినట్టున్న గొంతుతో. "అన్నీ వినబడుతూనే ఉన్నాయి. కదలలేకపోయాను. అమ్మ గొంతు విన్నాను. అమ్మ వస్తోందా?"

బట్టీ మెట్ల మీద గడ్డం పగిలిన నాడు కూడా తిప్పమ్మ ఆ పిల్లవాడికి నొప్పి లేదని చెప్పలేదు. నొప్పిగానే ఉంటుంది, ఓర్చుకో అని చెప్పింది. ఈ పద్దెనిమిదేళ్ళలో అతనితో ఒక్క అబద్ధం ఆడి ఎరగదు.

"వస్తాండాది తమ్ముడూ" అంది. "మన వెనకనే."

మేఘాంకుడు ఆ మాట నమ్మి ఆమె భుజం మీద తల వాల్చాడు. తిప్పమ్మ వెనక్కి చూడకుండా, కాలిన చేతులు చీకట్లో ముందుకు చాచి, దారి తడుముకుంటూ పాకింది.